మా అత్త ఏడుపు పుస్తకమైన సంగతి

తమిళ గడ్డ మీద ఉన్న మా ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందో చెప్పలేను గానీ, తెలుగు చదవగలిగినవాళ్లు ఎంతమందో చెప్పగలను. నేను ఒక్కదాన్నే. మా నాన్న వయసులో ఉన్నప్పుడు కుప్పం వైపు ఒక మిల్లులో పనిచేసి, అక్కడ అక్షరాలు నేర్చుకుని, పోయేముందు వాటిని నాకు అంటించాడు. ఆస్తి అంటూ ఆయన ఇచ్చింది అదొక్కటే.

ఆ అక్షరాలు నాకు పనికొచ్చింది ధర్మపురి బస్టాండు వెనక, నేను పనిచేసే జెరాక్స్ కొట్టులో. పెళ్లి పత్రికలు వేయించుకోవడానికి వచ్చే మనవాళ్లు మొత్తం తమిళంలో వేయించుకుని, పైన మాత్రం ఇంటిదేవుడి పేరు తెలుగులో ఒక వరుస ఉండాలనేవారు. ఆ వరుస టైపు చేసేది నేనే. తప్పు కొట్టినా పట్టుకునేవాడు లేడు. ఒకసారి బేరమాడి బేరమాడి ప్రాణం తీసిన ఒకాయనకు దేవుడి పేరు బదులు 'టమాటాలు కిలో' అని కొట్టిచ్చాను. ఆయన దాన్ని కళ్లకద్దుకుని తీసుకుపోయాడు. నేను ఎలాంటిదాన్నో ముందే తెలియాలని ఈ ముక్క చెప్తున్నాను.

ప్రొఫెసరమ్మ ఆ కొట్టుకే వచ్చింది. ఆవిడది వేరే రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం. వెంట ఒక పెద్దమనిషి, చెన్నైలోని ఒక సాంస్కృతిక సంస్థకు కార్యదర్శి. ఎండాకాలంలో కూడా భుజం మీద శాలువా తీసేవాడు కాదు. ఈ రెండు సంస్థలూ కలిసి ఒప్పందం రాసుకున్నాయట. చదువు విశ్వవిద్యాలయానిది, జనాన్ని కూడగట్టే పని సంస్థది. సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లల్లో ఉన్న పాటలు, మాటలు సేకరించి, అందరికీ అందుబాటులో పెట్టి, ఉమ్మడి జ్ఞానం తయారుచేస్తారట. మా వైపు ఉమ్మడి అంటే బావి. ఉమ్మడి బావి ఉన్న ఏ ఇద్దరు అన్నదమ్ములూ మా ఊళ్లో మాట్లాడుకోరు. ఆ మాట వాళ్లతో అనలేదు. నాకు 'స్థానిక సమన్వయకర్త' అని మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు, దాన్ని చూసి మురిసిపోయాను.

అప్పటికి నాకు నలభై దాటాయి. మొగుణ్ణి వదిలేసి వచ్చి పన్నెండేళ్లు. మహేంద్రమంగళం దగ్గర మా ఊళ్లో అమ్మతో ఉండి, రోజూ పాలక్కోడు మీదుగా ధర్మపురికి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మెడలో తాళి లేనిదాని మెడలో ఏదో ఒకటి వేలాడటం ఊరికి కొత్తగా ఉండేది.

సంస్థలు రెండూ కలిసి పనిచేయడమంటే ఏమిటో మొదటి నెలలోనే చూశాను. పుస్తకం అట్ట మీద ఎవరి ముద్ర ఎడమవైపు ఉండాలనే దాని మీద వాళ్లు నా కొట్టులోనే, నా కంప్యూటరు ముందు, రెండు మధ్యాహ్నాలు వాదులాడుకున్నారు. పుస్తకంలో ఏముండాలో అప్పటికి ఒక్క పుటా రాయలేదు. చివరికి రెండు ముద్రలూ ఒకే కొలతలో వేయాలని తేల్చుకున్నారు. వేశాక కార్యదర్శి స్కేలు అడిగి తీసుకుని రెండూ కొలిచి చూసుకున్నాడు.

పెళ్లి పాటలు దొరికాయి, దంపుడు పాటలు దొరికాయి, పిల్లల్ని నిద్రపుచ్చేవి దొరికాయి. ప్రొఫెసరమ్మకు అవేవీ ఆనలేదు. అవి అందరి దగ్గరా ఉన్నాయంది. ఆవిడకు కావలసింది మా అత్త.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా వాళ్లల్లో చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు, చెప్పి ఏడుస్తారు. ఒకామె మాట ఎత్తుకుంటుంది, మిగిలినవాళ్లు చుట్టూ కూర్చుని ఆమె విడిచిన చోట అందుకుంటారు. తమిళులకూ ఇలాంటిది ఉంది. మాకు మాత్రం దానికొక కట్టు ఉంది. పోయిన మనిషిని పొగిడితే సరిపోదు. ఆ మనిషికి ఎవరు ఏం చేశారో, ఏం చేయలేదో అక్కడే, వాళ్ల ముఖం మీదే చెప్పాలి. కోడలు పాచిపోయిన కూడు పెట్టి ఉంటే ఆ మాట చెప్పాలి. మొగుడు కొట్టి ఉంటే దేంతో కొట్టాడో చెప్పాలి. అనిపించుకున్నవాళ్లు తలవంచుకుని వింటారు. శవం లేచాక అందరూ తలమీద నీళ్లు పోసుకుంటారు. ఆ నీళ్లతో చెప్పిన మాటా పోతుంది, చేసిన తప్పూ పోతుంది. ఇక దాన్ని ఎవరూ ఎత్తకూడదు. పంచాయతీలో ఎత్తకూడదు, తాగినప్పుడు కూడా ఎత్తకూడదు. చెప్పకుండా వదిలేసిన తప్పు మాత్రం చేసినవాడి మీదే ఉండిపోతుందంటారు. అందుకే తల్లిని సరిగా చూడని కొడుకులే అందరికన్నా ముందు మనిషిని పంపి మా అత్తను పిలిపించుకునేవారు.

అత్త మా నాన్నకు చెల్లెలు. కడత్తూరు దగ్గర ఇచ్చారు. మొగుడు తొందరగా పోయాడు, పిల్లలు లేరు, పుట్టింటికి వచ్చేసింది. పెదనాన్న ఇంటి వెనక ఒక గదిలో ఉండేది. పెదనాన్న పోయాక ఆ ఇల్లు ఆయన కొడుకుది, అంటే నాకు అన్న వరస అయినవాడిది. ముండమోసిందని పెళ్లిళ్లకు ఆమెను పిలిచేవారు కాదు. పండగపూట ఎదురొస్తే ముఖం తిప్పుకునేవారు. చావింట్లో మాత్రం ఆమెను చేయిపట్టుకుని తీసుకువెళ్లి నడింట్లో, శవం తలవైపు కూర్చోబెట్టేవారు. పాలక్కోడు నుంచి కంబైనల్లూరు దాకా మనవాళ్ల ఇళ్లల్లో ఎవరు పోయినా ఆమెకు కబురొచ్చేది. ఈ లోకంలో ఆమెకంటూ ఉన్న చోటు అదొక్కటే. అది తీసేస్తే ఆమె అన్న కొడుకు ఇంటి వెనక గదిలో ఒక ముసలి ఆడది, అంతే.

ప్రొఫెసరమ్మ ఆమెను మర్యాదగానే అడిగింది. కుర్చీ వేసి, ఒకసారి పాడి వినిపించమంది. అత్త నా వైపు తిరిగింది.

"పీనుగ లేకుండా ఎట్ల చెప్పేది మే? ఎవురి మింద చెప్పాల? ఈయమ్మ మిందనా?"

నేను దాన్ని తెలుగులోంచి తెలుగులోకి మార్చి చెప్పాను. ప్రొఫెసరమ్మ నవ్వి రాసుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ ఒక చావు కోసం ఎదురుచూసింది. వారానికోసారి ఫోన్ చేసి, ఊళ్లో అందరూ బాగున్నారా అని అడిగేది. ఆ అడగడంలో ఆశ ఉండేది. నేనూ ఆమెతో పాటు ఎదురుచూశాను, ఏ ఇంటి చావు కోసమో నాకు బాగా తెలుసు.

మా పెద్దమ్మకు, అంటే ఆ అన్న తల్లికి, కాలూచెయ్యీ పడిపోయి అప్పటికి కొన్ని నెలలైంది. పక్క తడుపుతోందని, ఇల్లంతా వాసనొస్తోందని, కోడలు పోరు పెడితే అన్న ఆమెను మంచంతో సహా మోసుకెళ్లి తోటలోని మోటారు రూములో పెట్టాడు. అక్కడ గాలి బాగా వస్తుందని ఊళ్లో చెప్పుకున్నాడు. రేకు తలుపు, రేకు కప్పు, ఒక మూల స్టార్టరు పెట్టె. త్రీఫేజ్ కరెంటు వచ్చినప్పుడు మోటారు తిరుగుతుంది. అది తిరుగుతున్నంతసేపూ ఆమె పిలిచినా ఎవరికీ వినపడదు. టమాటా తోటలో కూలికి వెళ్లిన ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. నేనూ ఒకసారి వెళ్లి తలుపు సందులోంచి చూసి వచ్చాను. ఎవరూ నోరెత్తలేదు. నేను మాత్రం ఎందుకు ఎత్తాలి అనుకున్నాను.

ఆ అన్న మీద నాకు పాత పగ ఉంది. దాచుకోను. మా నాన్న పోయినప్పుడు, నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి అతనే కొరివి పెట్టాడు. పెట్టేముందు మా అమ్మను పిలిచి, అందరి ముందు అన్నాడు.

"పిన్నమ్మా, నీ కూతుర్ని ఎనకాల ఉండమను. మొగుణ్ణి ఇడిసిపెట్టినది ముందర నిలబడితే చిన్నాయనకి మంచిది కాదు."

నేను పశువుల కొట్టం దగ్గర నిలబడి మా నాన్నను సాగనంపాను. ఆ రోజు అత్త చెప్పి ఏడుస్తూ ఆ మాట కూడా చెప్పింది, బిడ్డను ఎనక్కి తోసినారని చెప్పింది. అన్న తలవంచుకుని విన్నాడు, నీళ్లు పోసుకున్నాడు. పద్ధతి ప్రకారం అది అక్కడితో చెల్లిపోవాలి. నాకు చెల్లలేదు.

పెద్దమ్మ ఒక ఉదయం పోయింది. బంధువులకు చెప్పకముందే నేను ప్రొఫెసరమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ ధర్మపురి లాడ్జిలో ఉంది, గంటన్నరలో కారు వేయించుకుని వచ్చేసింది. పెద్దమ్మను మోటారు రూములోంచి తెచ్చి, కడిగి, కొత్త చీర కట్టి నడింట్లో పడుకోబెట్టారు. ఎన్ని నెలలకో ఆమెకు మళ్లీ ఇంట్లోకి రావడం కుదిరింది. ప్రొఫెసరమ్మ ఇచ్చిన రికార్డరును నేను తువ్వాల్లో చుట్టి అత్త మోకాలి పక్కన పెట్టాను. అత్త దాన్ని చూసింది. ఆ తర్వాత ఎత్తుకుంది.

"నూరు మూరల ఇల్లుండె వదినా, నీకు మోటారు రూము చాలంటిరా
తేకు వాకిలుండె వదినా, నీకు రేకు తలుపు మూసిరా
కరెంటు వచ్చిన పొద్దంతా వదినా, నువ్వు పిలిచింది ఎవురు వినిరి
మోటారు నిలిచిన పొద్దుకి వదినా, నీ గొంతు నిలిచిపాయనే
చెట్టు చెట్టుకీ నీళ్లు చూసిన కొడుకా, అమ్మ నోట్లో చూడకపోతివే"

అన్న గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు. అతని పెళ్లాం, నాకు వదిన, కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక చోట అన్న ఏడ్చాడు, అబద్ధం చెప్పను, నిజంగానే ఏడ్చాడు. శవం లేచింది. తొట్టి దగ్గర అందరూ నీళ్లు పోసుకున్నారు. అతని ముఖం తేలికపడటం నేను చూశాను. మా నాన్నప్పుడు కూడా ఇలాగే తేలికపడి ఉంటాడనిపించి నా ఒళ్లు మండింది.

అప్పుడు అత్త చేసిన పని మా వాళ్లు తప్ప ఎవరూ చేయరు. స్నానం చేసి, చెంబులో పసుపు నీళ్లు కలుపుకుని నా దగ్గరకు వచ్చింది.

"ఆ యంత్రం ఏదమ్మే? అది కూడా సావింట్లో కూసున్యది కదా. దానికీ నీళ్లు తగలాల."

నేను తువ్వాలు విప్పి చూపించాను. ఆమె మూడుసార్లు దాని మీద నీళ్లు చల్లింది. ప్రొఫెసరమ్మ చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగింది, యంత్రం ఖరీదైనది, నీళ్లకు చెడిపోదట. ఆవిడ దాన్ని తుడుచుకుని, నీళ్లు చల్లడం గురించి కూడా రాసుకుంది. అత్త మాత్రం పని పూర్తయిందని వెళ్లిపోయింది. మనుషుల మీద పడినట్టే దాని మీదా నీళ్లు పడ్డాయి, మనుషుల్లాగే అదీ ఇక ఆ మాట ఎత్తదు అనుకుంది. అది అలా కాదని నాకు తెలుసు. నేను చెప్పలేదు.

దుఃఖంలో ఉన్నవాళ్లను కాగితాలతో ఇబ్బంది పెట్టకూడదని విశ్వవిద్యాలయం నియమమట. అందుకని కర్మలన్నీ అయ్యాక, రికార్డింగు వాడుకోవడానికి ఒప్పుకోలు పత్రం సంతకానికి పంపారు. ఇంగ్లీషులో ఆరు పుటలు. నేను వాటిని అత్తకు ఒక్క వాక్యంలో చెప్పాను.

"నీ ఏడుపు బద్రంగా దాచి పెడతారంట, సంతకం పెట్టత్తా."

"దాచేదానికి ఏముంది మే? నీళ్లు పడిపాయ కదా" అంది. అని, తమిళంలో తన పేరు మూడు అక్షరాలూ రాసింది.

ఆ రికార్డింగు విని తెలుగులో రాసే పని నాది. ఒక్కొక్క మాటా పదిసార్లు వినాలి. కొట్టు పని మానేసి రోజంతా ధర్మపురిలో సంస్థవాళ్లు తీసుకున్న గదిలో కూర్చునేదాన్ని. అప్పటికి మా అమ్మ కూడా జారిపడి మంచం ఎక్కింది. ఇక్కడ నేను చేసింది రాయాలి. పొద్దున ఏడింటికి తలుపు బయట గొళ్లెం పెట్టి వెళ్తే మళ్లీ సాయంత్రమే. ఆ మధ్యలో ఆమె పక్క తడిపితే వచ్చాక ఉతకాల్సింది నేను. అందుకని నీళ్లు తగ్గించాను. పొద్దున అర గ్లాసు, మంచం పక్కన అర గ్లాసు. సంగటి కూడా గట్టిగా చేసి పెట్టేదాన్ని. అలా పెడితే పక్క పొడిగా ఉండేది. పొడిగా ఉన్న పక్క చూసి సంతోషపడేదాన్ని. పెద్దమ్మ నోట్లో కొడుకు నీళ్లు చూడలేదని అత్త చెప్పిన మాటను ఆ రోజుల్లోనే పగలంతా చెవులకు పెట్టుకుని విని, తప్పు లేకుండా రాశాను.

ఒకరోజు నేను వచ్చేసరికి గొళ్లెం తీసి ఉంది. అత్త లోపల అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చెంబు ఖాళీగా ఉంది. అమ్మ పెదాలు తడిగా ఉన్నాయి.

"మీయమ్మకి నీళ్లు పెట్టు మే" అంది. ఇంకేమీ అనకుండా చెప్పులు వేసుకుని వెళ్లింది. ఆమె ఆ మాటను ఎక్కడ దాచుకుందో నాకు తెలుసు. ఎప్పుడు బయటికి తీస్తుందో కూడా తెలుసు, దానికి నాకేం భయం లేకపోయింది. చెప్తుంది, వింటాను, నీళ్లు పోసుకుంటాను.

ప్రొఫెసరమ్మ చెడ్డ మనిషి కాదు. రాసినదంతా చదివి నన్ను పిలిచి అడిగింది. "ఇందులో ఆ కుటుంబానికి ఇబ్బంది కలిగించే విషయాలేమైనా ఉన్నాయాండీ? మోటారు రూము అదీ నిజంగా జరిగిందా?"

వేరే ఏడుపులు కూడా ఉన్నాయి. ఎవరికీ నొప్పి తగలనివి, ముసలాయన ఎద్దుల్ని ఎలా చూసుకున్నాడో చెప్పేవి. ఒక్క మాట అంటే చాలు, దీన్ని పక్కన పెట్టేసేది. నేను, "అబ్బే, అవన్నీ పాటలో వచ్చే మామూలు మాటలేనమ్మా, అందరికీ అవే చెప్తారు" అన్నాను. ఆవిడకూ అదే వినాలని ఉంది. పుస్తకంలో మోటారు రూముకు ఒక వివరణ రాసింది: యాంత్రిక వ్యవసాయం వచ్చాక స్త్రీ అనుభవించే ఒంటరితనానికి ఇది ప్రతీక అని. అది చదివి నేను బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అన్న తల్లిని పెట్టింది ప్రతీకలోనట.

పుస్తకం ఒక్కటే అయితే ఏ గొడవా లేదు. తెలుగు అక్షరాల్లో ఉన్నది మా ఊళ్లో ఎవరికీ విషం కాదు, అమృతం కాదు. కానీ ఆవిష్కరణ ధర్మపురిలో ఒక కల్యాణ మండపంలో పెట్టారు. కార్యదర్శి మూడు ఊళ్లకు వ్యాన్లు పంపాడు. పాడిన ఆడవాళ్లను వేదిక మీద కుర్చీల్లో కూర్చోబెట్టారు. అత్త మధ్యలో కూర్చుంది. శుభకార్యం జరిగే మండపంలో ఆమె వేదిక ఎక్కడం పుట్టాక అదే మొదటిసారి. కుటుంబాల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. అన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, వదినను పక్కన పెట్టుకుని, మా అత్తకు సన్మానం అని కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. నా దగ్గరికి కూడా వచ్చి, "మంచి పని చేసినావు పాపా" అన్నాడు. అప్పుడైనా ఆ రికార్డింగు పెట్టకుండా ఆపగలిగేదాన్ని. వేదిక పక్కన కంప్యూటరు ముందు కూర్చున్నది నేనే.

ఉపన్యాసాలయ్యాక దీపాలు తగ్గించారు. స్పీకర్లలో అత్త గొంతు వచ్చింది. తెర మీద తమిళంలో పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి, తెలుగు రానివాళ్లకు కూడా అర్థం కావాలని. నూరు మూరల ఇల్లు వచ్చింది. రేకు తలుపు వచ్చింది. కరెంటు వచ్చిన పొద్దంతా పిలిచింది ఎవరు విన్నారో వచ్చింది. మావాళ్లంతా చూపు నేలకు దించుకున్నారు. చెన్నై నుంచి వచ్చినవాళ్లు ఒకచోట చప్పట్లు కొట్టారు. అన్న ముఖం చూశాను. చూడాలనే అంత దూరం వచ్చాను, తనివితీరా చూశాను. కడుపు చల్లబడింది.

అత్తను చూడాలని మాత్రం నేను అనుకోలేదు. ఆమె మొదట గొంతు ఎక్కడి నుంచి వస్తోందో అర్థంకాక వెనక్కి తిరిగింది. తర్వాత నా వైపు చూసింది. తర్వాత లేచి నిలబడి, అతిథుల బల్ల మీది నీళ్ల బాటిలు తీసుకుని, మూత తిప్పి, తలమీద పోసుకుంది. ఏడుపు విన్నాక నీళ్లు పోసుకోవాలి కాబట్టి పోసుకుంది. అది చాలక ఇంకో బాటిలు తీసుకుంది. నీళ్లు సన్మానానికి కప్పిన కొత్త శాలువా మీదుగా కారిపోతున్నాయి. జనం ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. కార్యదర్శి ఫోటోలు తీసేవాణ్ణి భుజం పట్టుకుని ముందుకు తోశాడు. ఆ ఫోటో చాలా బాగా వచ్చింది, రెండు సంస్థలూ దాన్ని చాలాకాలం వాడుకున్నాయి.

మర్నాడు పొద్దున అత్త గుడ్డల సంచి అన్న ఇంటి గేటు బయట ఉంది. అన్న గట్టిగా అరవలేదు కూడా.

"నువ్వు చెప్పినదానికి కాదత్తా. అది నేను నిలబడి విన్యాను. నీళ్లు పోసుకున్యాక మళ్లా చెప్పినావు, దానికి."

"నేను చెప్పలేదురా" అంది అత్త. "దానికీ నీళ్లు సల్లినాను. ఆ పాపను అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఆ గేటు దగ్గరే, బస్సుకు వెళ్తూ ఆగి ఉన్నాను. యంత్రం నీళ్లకు మరచిపోదని తెలిసి కూడా ఆమెకు చెప్పలేదని ఒప్పుకుంటే అయిపోయేది. "బస్సుకు టైమాయ" అని నేను వెళ్లిపోయాను.

అత్త కడత్తూరు దగ్గర ఎప్పుడో వదిలేసిన అత్తగారింటికి వెళ్లింది. మరిది కొడుకులు వీధి తిన్నె మీద చాప వేసుకోనిచ్చారు. అన్నను టమాటా మార్కెట్లో కుర్రకారు మోటారు చప్పుడు చేసి ఏడిపించేవారు. కొన్నాళ్లకు అతను మార్కెట్టుకు వెళ్లడం మానేసి సరుకు మనిషితో పంపడం మొదలుపెట్టాడు. ఇక అత్తను ఏ ఇంటివాళ్లూ పిలవలేదు. ఆమెనే కాదు, మా వైపు చావిళ్లల్లో ఆడవాళ్లు చెప్పి ఏడవడమే మానుకున్నారు. ఎవరి ఫోన్ ఎక్కడ తిరుగుతోందోనని కొంగు అడ్డం పెట్టుకుని ఊరికే కూర్చుంటారు.

కంబైనల్లూరు దగ్గర ఒక ఇంట్లో అయితే, ఏడ్చేవాళ్లు లేరని స్పీకర్లవాడు ఏడుపు వినడానికి పుస్తకం అట్ట మీద వేసిన క్యూఆర్ కోడు ఫోనులో పట్టుకుని మా అత్త ఏడుపునే పెట్టాడు. పోయినామెకు మోటారు లేదు, తోట లేదు, మా అన్నలాంటి కొడుకు లేడు. ఆమె ఇటుకలు మోసే బేల్దారి పనికి పోయేది, ఉన్నది ఒంటిగది ఇల్లు. ఆ గది ముందు, నూరు మూరల ఇల్లుండె వదినా అని మా అత్త గొంతు సాయంత్రం దాకా తిరిగి తిరిగి వచ్చింది. ఆ సంగతి ప్రొఫెసరమ్మకు చెప్తే చాలా సంతోషపడింది. జ్ఞానం సమాజానికి తిరిగి చేరిందంటే ఇదేనంది, రెండో సంపుటిలో రాస్తానంది.

ఆ ఎండాకాలం మా అమ్మ పోయింది. మూత్రంలో చీము, ఒంట్లో నీళ్లు లేవు అన్నాడు డాక్టరు. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగితే తెలియదన్నాను.

కడత్తూరుకు మనిషిని పంపాను. వస్తుందని అనుకోలేదు, కానీ మొదటి బస్సుకే వచ్చింది. చిక్కిపోయింది. ఎవరూ చేయిపట్టుకుని తీసుకురాలేదు, తనే నడింట్లోకి వచ్చి అమ్మ తలవైపు కూర్చుంది. అన్న వాకిట్లో నిలబడ్డాడు, కొరివి పెట్టాల్సింది ఈసారీ అతనే. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. ఎవరో చెప్పకుండానే ఫోన్లు తీసి గూట్లో పెట్టేశారు. చాలా రోజుల తర్వాత ఒక ఏడుపు విందామని అందరూ ఆమె నోటికేసి చూశారు. నేను అందరికన్నా ముందు కూర్చున్నాను. నన్ను ఎనక్కి ఉండమని ఎవరైనా అన్నా కదిలేదాన్ని కాదు.

అత్త అమ్మ ముఖం చూసింది. పగిలిన పెదాలు చూసింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం తెరవలేదు. బయట పాడె కట్టేవాళ్లు పని ముగించి బీడీలు కాల్చుకుంటున్నారు.

"చెప్పత్తా" అన్నాను. "నా మింద ఏముందో అంతా చెప్పు. నీకు తెలుసు కదా. అందురూ ఉండారు, చెప్పు."

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా లేదు. ఇంటికొచ్చిన పరాయిదానితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నాకేం తెలుసమ్మా. నేను ఏ ఇంటి సంగతీ ఎరగను."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. బతిమాలాను. నీళ్ల సంగతి చెప్పమని అడగబోయి, అందరి ముందూ ఆ మాట నా నోటితో నేనే అనలేక ఆగిపోయాను. అది నేను చెప్పుకుంటే చెల్లదు, ఇంకొకరు చెప్పాలి. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించుకుంది.

మా అమ్మను ఒక్క మాట లేకుండా ఎత్తుకుపోయారు. తొట్టి దగ్గర ఆడవాళ్లందరూ నీళ్లు పోసుకున్నారు. అత్త కూడా రెండు చెంబులు పోసుకుని, తడిచీరతోనే కడత్తూరు బస్సుకు నడిచింది. చివరగా నేను వెళ్లాను. తొట్టి అడుగంటేదాకా పోసుకున్నాను, చీర ఒంటికి అతుక్కుని వణుకు వచ్చేదాకా పోసుకున్నాను. అత్త ఏమీ చెప్పలేదు కాబట్టి నా మీద నుంచి ఏదీ పోలేదు.